పాత వైర్‌లెస్ సెట్టుకు తాళంచెవి పాత కంప్యూటరే!

చౌకగా దొరికిందని సెట్టు కొనేస్తే సరిపోదు. నంబర్లు ఎక్కించే ప్రోగ్రాం, మధ్యలో పెట్టే పెట్టె, సరైన వైరు, వాటికి తగ్గ పాత కంప్యూటరు ఉండాలి. అన్నిటికంటే ముందు ప్రభుత్వ అనుమతి ఉండాలి. ఇవేవీ చూసుకోకుండా డబ్బు పెడితే సెట్టు మూలన పడుతుంది, లేదా కేసు మెడకు చుట్టుకుంటుంది.

ఎలక్ట్రానిక్ తుక్కు అమ్మే కొట్లలో అప్పుడప్పుడు పాత వాకీటాకీలు, జీపుల్లో బిగించే వైర్‌లెస్ సెట్లు కనిపిస్తుంటాయి. చూడ్డానికి గట్టిగా ఉంటాయి. కింద పడినా పగలవు. 'బ్యాటరీ ఒక్కటి వేసుకుంటే చాలు, ఇంటి దగ్గర ఒకరు, చేలో ఒకరు మాట్లాడుకోవచ్చు' అని అమ్మేవాళ్లు చెబుతారు. సెల్ సిగ్నల్ అందని చోట చేను ఉన్న రైతుకు, రాత్రిళ్లు అడవి పందుల కాపలాకు పోయే రైతుకు ఈ మాట వినగానే ఆశ పుడుతుంది. అందులో తప్పేమీ లేదు.

అయితే బ్యాటరీ వేసి బటను నొక్కినంత మాత్రాన ఆ సెట్టు మన మాట వినదు. లోపల ఎవరో ఎప్పుడో ఎక్కించిన నంబర్ల మీదే అది నడుస్తుంది. ఆ నంబర్లు మార్చాలంటే 1980లు, 90ల నాటి కంప్యూటరు కావాలి. ఇప్పుడు దొరికే కొత్త కంప్యూటరు చాలాసార్లు పనికిరాదు. ఇదేం విడ్డూరం అనిపించవచ్చు. కారణం తెలిస్తే విడ్డూరం కాదని అర్థమవుతుంది. సెట్టు కొనాలా, వద్దా అన్నది కూడా అప్పుడే తేలుతుంది.

సెట్టులో ఏముంటుంది?

వైర్‌లెస్ సెట్టు గాలిలో ఏ దారిన మాట పంపాలి, ఏ దారిన వినాలి అన్నది ఫ్రీక్వెన్సీ నిర్ణయిస్తుంది. దీన్ని మెగాహెర్ట్జ్‌లలో కొలుస్తారు. మాట్లాడుకునే రెండు సెట్లూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉండాలి. ఒకే కాలువ మీదున్న రెండు చేలకే నీళ్లు అందినట్టన్నమాట.

మరీ పాత సెట్లలో ఫ్రీక్వెన్సీ కోసం క్వార్ట్‌జ్ స్ఫటికం ముక్కలు వాడేవారు. వీటిని క్రిస్టల్ అంటారు. ఒక్కో చానల్‌కు పంపడానికి ఒకటి, వినడానికి ఒకటి. చానల్ మార్చాలంటే కొత్త క్రిస్టళ్లు కోయించి తెప్పించుకోవాలి. సెట్టు మూత విప్పి బిగించాలి. ఖర్చు ఎక్కువ, ఆలస్యం ఎక్కువ.

ఆ తర్వాత సింథసైజర్ పద్ధతి వచ్చింది. ఒకే క్రిస్టల్ నుంచి లెక్క ప్రకారం ఎన్నో ఫ్రీక్వెన్సీలు పుట్టించడం దీని పని. ఏ లెక్క వాడాలన్నది ఒక చిన్న మెమరీ చిప్పులో రాసి ఉంటుంది. కరెంటు తీసేసినా ఆ రాత చెరగదు. కావాలంటే చెరిపి మళ్లీ రాసుకోవచ్చు. ఈ రాతనే మెకానిక్కులు 'కోడ్‌ప్లగ్' అంటారు.

కోడ్‌ప్లగ్‌ను పొలం పాస్‌పుస్తకం అనుకోండి. ఏ సర్వే నంబరు, ఎంత విస్తీర్ణం, హద్దులేంటి అన్నీ అందులో ఉన్నట్టే, సెట్టు ఏం చేయాలో అంతా ఇందులో ఉంటుంది. ముఖ్యంగా ఇవి:

ఒక్కో చానల్‌కు పంపే ఫ్రీక్వెన్సీ, వినే ఫ్రీక్వెన్సీ. రిపీటర్ అనే ఎత్తైన స్టేషను ద్వారా మాట్లాడేటప్పుడు ఈ రెండూ వేరువేరుగా ఉంటాయి.

టోను. చెవికి వినపడీ వినపడనంత సన్నని ధ్వని ఒకటి మాటతో పాటు వెళ్తుంది. ఉదాహరణకు 100 హెర్ట్జ్. అవతలి సెట్టు ఆ టోను ఉంటేనే స్పీకరు తెరుస్తుంది. ఫ్రీక్వెన్సీ కలిసినా టోను కలవకపోతే మాట వినపడదు. 'సెట్టు చెడిపోయింది' అని చాలామంది పారేసేది ఇక్కడే.

ఎన్ని వాట్ల శక్తితో పంపాలి, బటను నొక్కి పట్టుకుంటే ఎంతసేపట్లో దానంతట అదే ఆగాలి, చానల్ వెడల్పు ఎంత అన్న వివరాలు.

మోటరోలా కంపెనీ 1990లలో అమ్మిన జీపీ 300 చేతి సెట్టు, జీఎం 300 బండి సెట్టు ఈ రకానివే. వీటి మీద నంబర్లు నొక్కే కీలు ఉండవు. చానల్ మార్చుకోవడం వరకే వాడేవాడి చేతిలో ఉంటుంది. చానల్‌లో ఏముండాలన్నది కంప్యూటరుతోనే మార్చాలి. పోలీసులు, కర్మాగారాల వాళ్లు వాడే సెట్లలో సిబ్బంది ఎవరికి తోచినట్టు వాళ్లు నంబర్లు మార్చేయకూడదు కదా. అందుకే కావాలనే అలా తయారుచేశారు.

మధ్యలో పెట్టె ఎందుకు?

కంప్యూటరు వెనక సీరియల్ పోర్టు అనే సాకెట్ ఉండేది. 9 పిన్నులదో, 25 పిన్నులదో. పాత మౌసు, మోడెం దానికే తగిలించేవాళ్లు. అక్కడి నుంచి నేరుగా వైరు లాగి సెట్టుకు కలిపేయకూడదు.

మన ఊళ్లో కరెంటు సంగతే చూడండి. 11 కేవీ లైను పొలం పక్కనుంచే పోతుంటుంది. దాని నుంచి నేరుగా మోటారుకు తీగ లాగుతామా? మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు ఉండాల్సిందే. ఇక్కడా అంతే. సీరియల్ పోర్టు వోల్టేజి సున్నాకు పైనా, కిందా ఊగుతుంది. చాలా కంప్యూటర్లలో 12 వోల్టుల దాకా పోతుంది. సెట్టు లోపలి మెమరీ మాట్లాడేది 5 వోల్టుల భాష. నేరుగా కలిపితే సెట్టులోని చిప్పు కాలిపోయే ప్రమాదం ఉంది.

అందుకని మోటరోలా వాళ్లు రేడియో ఇంటర్‌ఫేస్ బాక్స్ అనే చిన్న పెట్టె తయారుచేశారు. మెకానిక్కులు ముద్దుగా 'రిబ్' అంటారు. ఇది వోల్టేజిని సరిచేస్తుంది. పంపడం, వినడం రెండూ ఒకే తీగ మీద నడిచేలా చూస్తుంది. 9 వోల్టుల బ్యాటరీతోనో, అడాప్టరుతోనో పనిచేస్తుంది. పెట్టె ఒకటే అయినా, అక్కడి నుంచి సెట్టుకు పోయే వైరు మాత్రం మోడల్‌ను బట్టి మారుతుంది. జీపీ 300 వైరు జీఎం 300కు తగలదు.

కెన్‌వుడ్, ఐకామ్ లాంటి ఇతర కంపెనీల పెట్టెలు, వైర్లు మళ్లీ వేరు. ఒక కంపెనీ సామాను ఇంకో కంపెనీ సెట్టుకు తగిలించి ప్రయోగాలు చేయకూడదు.

కొత్త కంప్యూటరు ఎందుకు పనికిరాదు?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కొత్త కంప్యూటరు వేగం ఎక్కువ కావడమే దోషం!

గడ్డివామి వేసేటప్పుడు చూసే ఉంటారు. కింద నుంచి ఒకడు మోపు అందిస్తుంటే పైనవాడు పట్టుకుని సర్దుకుంటాడు. ఇద్దరి చేతులూ ఒక లెక్కలో నడవాలి. కిందవాడు వయసు కుర్రాడై గబగబా విసిరేస్తే పైనవాడు ఒకటి పట్టుకునేలోపు రెండు కింద పడతాయి. వామి వంకర పోతుంది. సెట్టులోని చిప్పు ఆ పైనున్న ముసలాయన లాంటిది. తన వేగం అది మార్చుకోలేదు.

ఈ ప్రోగ్రాములు డాస్ కాలం నాటివి. విండోస్ బొమ్మలు రాకముందు నల్లటి తెర మీద అక్షరాలతో నడిచిన పద్ధతే డాస్. ఒక అక్షరం పంపాక సెట్టు సర్దుకోవడానికి కొంత వ్యవధి ఇవ్వాలి. ఆనాటి ప్రోగ్రాములు చాలావరకు గడియారం చూసి ఆగేవి కావు. దాగుడుమూతల్లో పిల్లలు కళ్లు మూసుకుని అంకెలు లెక్కపెట్టినట్టు, ఒకటి నుంచి ఇన్ని వేల వరకు ఊరికే లెక్కపెట్టి అప్పుడు ముందుకు పోయేవి. ఆనాటి 286, 386 కంప్యూటర్లకు ఆ లెక్క పెట్టడానికి సరిపడా సమయం పట్టేది. అదే లెక్కను కొత్త కంప్యూటరు రెప్పపాటులో వందో వంతులో ముగించేస్తుంది. సెట్టు ఇంకా తేరుకోకముందే రెండో అక్షరం వచ్చి పడుతుంది.

ఇది రేడియోలకే వచ్చిన జబ్బు కాదు. 1990ల రెండో సగంలో 200 మెగాహెర్ట్జ్‌కు పైబడిన వేగం గల కంప్యూటర్లు వచ్చినప్పుడు, టర్బో పాస్కల్ అనే భాషలో రాసిన ఎన్నో డాస్ ప్రోగ్రాములు తెరవగానే తప్పు చూపించి ఆగిపోయాయి. కంప్యూటరు వేగం ఎంతో ముందే కొలుచుకునే లెక్క ఒకటి వాటిలో ఉండేది. వేగం మరీ పెరిగేసరికి ఆ లెక్క తెగిపోయింది.

ఇక రెండో చిక్కు సాకెట్‌ది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు సీరియల్ పోర్టు లేదు. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే వైరు బజారులో దొరుకుతుంది కదా అంటారు. డాస్ ప్రోగ్రాం ఆ వైరును గుర్తించదు. పాత కంప్యూటరులో సీరియల్ పోర్టుకు ఒక స్థిరమైన ఇంటి నంబరు ఉండేది. ప్రోగ్రాం నేరుగా పోయి ఆ తలుపే తడుతుంది. యూఎస్‌బీ వైరు ఉన్నది ఇంకో వీధిలో. తలుపు తీసేవాళ్లు ఉండరు.

మూడోది విండోస్ సంగతి. విండోస్ ఎక్స్‌పీ నుంచి ఇళ్లలో వాడే కంప్యూటర్లన్నిట్లోనూ ప్రోగ్రాముకు, పోర్టుకు మధ్య విండోస్ కావలివాడిలా నిలబడుతుంది. నేరుగా పోనివ్వదు. విండోస్ 95, 98లలో కూడా కిటికీలో తెరిచే డాస్ కాకుండా, కంప్యూటరు మొదలుపెట్టేటప్పుడే అచ్చమైన డాస్‌లోకి పోవడం క్షేమం.

వేగాన్ని తగ్గించే మోస్లో లాంటి ప్రోగ్రాములు ఉన్నాయి. కొత్త కంప్యూటరులో పాత కంప్యూటరు వేషం వేసే డాస్‌బాక్స్ కూడా ఉంది. కొన్ని సెట్లకు వీటితో పని జరుగుతుంది, కొన్నిటికి జరగదు. సెట్టు నుంచి చదవడం కుదిరిందని రాయడం కూడా కుదురుతుందని భరోసా లేదు. చదివేటప్పుడు తప్పు జరిగితే తెర మీద ఎర్రర్ వస్తుంది, అంతే. రాసేటప్పుడు తప్పు జరిగితే సెట్టే పోతుంది. అందుకే ఈ పని తెలిసినవాళ్లు ఇప్పటికీ ఒక 386నో, 486నో, తొలినాళ్ల పెంటియం ల్యాప్‌టాప్‌నో గుడ్డ కప్పి దాచుకుంటారు.

ఇది అన్ని సెట్లకూ వర్తించదు. జీపీ 328, జీపీ 338 వంటి తర్వాతి తరం సెట్లకు విండోస్‌లో నడిచే ప్రోగ్రాం వచ్చింది. కాబట్టి మోడల్ నంబరు చూడకుండా ఏదీ నిర్ణయించుకోకూడదు.

పని జరిగే వరుస

అనుమతి ఉన్న మెకానిక్ దగ్గర ఈ పని ఎలా జరుగుతుందో, ఎలా జరగాలో తెలుసుకుంటే మన సెట్టు పాడుచేయకుండా చూసుకోవచ్చు.

1. ముందు సెట్టు వెనక లేబులు మీద మోడల్ నంబరు పూర్తిగా రాసుకోవాలి. పేరు ఒకటే అయినా ఫ్రీక్వెన్సీ పరిధి వేరుగా ఉంటుంది. వీహెచ్‌ఎఫ్ సెట్టును యూహెచ్‌ఎఫ్‌గా ప్రోగ్రాంతో మార్చలేం. వరి కోత మిషనుకు చెరకు నరికే పని చెప్పినట్టవుతుంది.

2. సెట్టుకు నిండుగా చార్జింగ్ ఉన్న బ్యాటరీ గానీ, నికరమైన సప్లయి గానీ ఉండాలి. బండి సెట్లు 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి. కరెంటు వచ్చిపోయే వేళ ఈ పని పెట్టుకోకూడదు.

3. అన్నీ ఆపి ఉంచి, కంప్యూటరు, పెట్టె, సెట్టు వరుసగా కలపాలి. ఆ తర్వాతే కరెంటు ఇవ్వాలి.

4. ప్రోగ్రాంలో మొదట 'చదువు' అన్న ఆజ్ఞే ఇవ్వాలి. సెట్టులో ఉన్నదంతా కంప్యూటరులోకి వస్తుంది.

5. అలా వచ్చినదాన్ని ఏమీ మార్చకుండా ఫైలుగా దాచాలి. రెండు చోట్ల దాచడం మంచిది. సెట్టు సీరియల్ నంబరే ఆ ఫైలుకు పేరుగా పెడితే తర్వాత వెతుక్కోనక్కర్లేదు. ఈ ఒక్క మెట్టు దాటేసినవాళ్లే తర్వాత తల పట్టుకుంటారు.

6. మార్పులు చేసి, కాగితం మీద రాసుకున్న నంబర్లతో ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాలి. 

7. అప్పుడు 'రాయి' అన్న ఆజ్ఞ. ఇది నడుస్తున్నంతసేపూ వైరు కదపకూడదు, స్విచ్ ముట్టుకోకూడదు.

8. పూర్తయ్యాక మళ్లీ ఒకసారి చదివి, రాసింది రాసినట్టు ఉందో లేదో చూడాలి.

ఒక సెట్టు ఫైలును తెచ్చి వేరే మోడల్ సెట్టులో ఎక్కించకూడదు. ఫ్యాక్టరీలో ఒక్కో సెట్టుకు విడిగా కొలిచి పెట్టిన సవరణ లెక్కలు కూడా మెమరీలో ఉంటాయి. అవి చెరిగిపోతే సెట్టు వెలుగుతుంది గానీ శక్తి సరిగా రాదు, ఫ్రీక్వెన్సీ పక్కకు జరుగుతుంది. మళ్లీ సరిచేయాలంటే కొలిచే పరికరాలు ఉన్న వర్క్‌షాపు కావాలి.

రాత మధ్యలో తెగిపోతే సెట్టు ఆన్ చేయగానే ఆగకుండా కూత వేస్తుంది, లేదా చెయ్యి ఎత్తేసి ఊరుకుంటుంది. 5వ మెట్టులో దాచిన ఫైలు ఉంటే చాలాసార్లు తిరిగి బతికించవచ్చు. లేకపోతే కష్టం.

పాత కంప్యూటరును కాపాడుకోవడం

కంప్యూటరే లేకపోతే సెట్టు లేనట్టే కాబట్టి దీని సంగతీ చూడాలి. 386, 486 కంప్యూటర్ల లోపలి బోర్డు మీద గడియారం కోసం పీపా ఆకారంలో చిన్న బ్యాటరీ ఉండేది. ఏళ్లు గడిచాక అది కారి, చుట్టూ ఉన్న రాగి గీతలను తినేస్తుంది. అటక మీద పెట్టిన కంప్యూటర్లు ఎక్కువగా ఇలాగే చస్తాయి. దించగానే మూత విప్పి ఆ బ్యాటరీని తీయించేయాలి.

ఫ్లాపీలకు తేమ, బూజు శత్రువులు. మన కోస్తాలో అయితే మరీను. పనిచేసే ఫ్లాపీ చేతికి రాగానే దాని నకలు హార్డ్‌డిస్కులోకి ఎక్కించుకోవాలి. ఈ ప్రోగ్రాములను కంపెనీ లైసెన్సు మీద అమ్మేది. ఊరూ పేరూ లేని చోట తెచ్చుకున్న నకళ్లలో వైరసులుంటాయి, మోడల్‌కు సరిపడని పాత రకం ప్రోగ్రాములూ ఉంటాయి.

ఇన్ని పాత సెట్లు ఎక్కడివి?

ఈ పని ఎక్కువగా జరిగేది అమెరికాలో. అక్కడ 2013 జనవరి 1 నాటికి పోలీసు, అగ్నిమాపక, వ్యాపార సంస్థల వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ సెట్లలో ఎక్కువ భాగం 25 కిలోహెర్ట్జ్ వెడల్పు చానళ్ల నుంచి 12.5 కిలోహెర్ట్జ్‌కు మారాలని ప్రభుత్వం గడువు పెట్టింది. ఒక మడిని రెండు మడులుగా చేసి ఇద్దరికి ఇవ్వడం లాంటిది ఇది. సన్న చానల్‌లో ఒదగలేని పాత సెట్టు గట్టు తెగిన మడిలా పక్కవాడి చేలోకి పారుతుంది. అలాంటి సెట్లను పెద్ద సంఖ్యలో తీసేశారు.

సెట్లు గట్టివి, ఇంకా పనిచేస్తున్నాయి. అమెచ్యూర్ రేడియో లైసెన్సు ఉన్న హాములకు ఆ నిబంధన లేదు. వాళ్లు వాటిని చౌకగా కొనుక్కుని, పాత కంప్యూటర్లతో తమ ఫ్రీక్వెన్సీలకు మార్చుకున్నారు. ఇలా ఒకరి తుక్కు ఇంకొకరికి సామాను అయింది. అయితే గమనించాల్సిందేంటంటే, వాళ్లు ముందు లైసెన్సు తీసుకున్నారు, తర్వాత సెట్టు పట్టుకున్నారు.

మన దగ్గర చట్టం ఏమంటోంది?

మన దేశంలో 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ చట్టం ఈ వ్యవహారాన్ని చూసేవి. వాటి స్థానంలోకి 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. 2024 నుంచి దశలవారీగా అమలులోకి తెచ్చారు. చట్టం పేరు మారినా అసలు సూత్రం మారలేదు. మినహాయింపు ఉన్నవి తప్ప, అనుమతి లేకుండా వైర్‌లెస్ సెట్టు పెట్టుకోవడం, వాడటం నేరం. ఫ్రీక్వెన్సీలు కేటాయించేది కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం.

పాత సెట్టులో ముందువాడి ఫ్రీక్వెన్సీలు అలాగే ఉంటాయని మర్చిపోకూడదు. అది పోలీసులదో, రైల్వేదో, ఓడరేవుదో అయి ఉండవచ్చు. సరదాకు బటను నొక్కి 'హలో' అన్నా అవతల అత్యవసర మాటకు అడ్డు తగిలినట్టే. తెలియక చేశామంటే చెల్లదు.

లైసెన్సు అక్కర్లేనివి లేవా అంటే ఉన్నాయి. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తితో పనిచేసే సెట్లకు 2018 నిబంధనల ప్రకారం లైసెన్సు మినహాయింపు ఉంది. అలాంటి సెట్టుకు ఈటీఏ అనే ప్రభుత్వ ధృవీకరణ ఉండాలి. ఇక్కడ కొందరు తెలివి చూపిస్తారు. 'పాత సెట్టునే 446కు ప్రోగ్రాం చేసేస్తే సరి' అంటారు. అది కుదరదు. మినహాయింపు ఫ్రీక్వెన్సీకి మాత్రమే కాదు, శక్తి పరిమితికీ, ధృవీకరణకూ కలిపి. ఎక్కువ వాట్ల పాత సెట్టు నంబరు మార్చినంత మాత్రాన మినహాయింపులోకి రాదు.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు ఒక మాట. ఫ్రీక్వెన్సీ ఎంత, లైసెన్సు కావాలా, ధృవీకరణ ఉందా అన్న వివరాలు చూపించకుండా వాకీటాకీలు అమ్మకుండా కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2025లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ వివరాలు లేని సెట్టు జోలికి పోవద్దు.

తుపాను నాడు పనికొచ్చే విద్య

మరి ఇదంతా మనకెందుకు అనవచ్చు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన చూసిన తరం ఇంకా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో కరెంటుతో పాటు సెల్‌ఫోన్లు కూడా మూగబోయాయి. సెల్‌ఫోను బతకాలంటే టవరు నిలబడాలి, దానికి కరెంటు అందాలి, తీగలు తెగకూడదు. వైర్‌లెస్ సెట్టుకు అవేవీ అక్కర్లేదు. ఒక 12 వోల్టుల బ్యాటరీ, ఒక యాంటెన్నా ఉంటే ఊరికీ ఊరికీ మాట పోతుంది. చేతి సెట్లయితే చదును నేలలో కొద్ది కిలోమీటర్లే. యాంటెన్నా ఎత్తు పెరిగితే దూరం పెరుగుతుంది.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం అప్పటికే అండమాన్‌లో ఉంది. హాము రేడియో ప్రదర్శన కోసం వెళ్లినవాళ్లు, సెట్లను సహాయ సమాచారానికి వాడి దీవుల్లో చిక్కుకున్నవారి క్షేమ వార్తలు బయటకు పంపారు.

ఇంటర్, డిప్లొమా చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ విద్యను చట్టబద్ధంగా నేర్పించవచ్చు. టెలికాం శాఖ పరీక్ష పాసై అమెచ్యూర్ లైసెన్సు తీసుకుంటే, 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వంటి హాము బ్యాండ్లలో మాట్లాడవచ్చు. అయితే హాము రేడియో మీద వ్యాపారం మాట్లాడకూడదు. టమాటా ధర, లారీ బాడుగ మాటలకు అది పనికిరాదు.

కొనేముందు అడగాల్సినవి

ఇంత చదివాక కూడా పాత సెట్టు మీద మనసుంటే, డబ్బు తీయకముందు ఈ ప్రశ్నలకు జవాబు రాబట్టాలి.

నాకు ఈ సెట్టు వాడే అనుమతి ఉందా? లేకపోతే ఇక్కడితో ఆపేయాలి.

మోడల్ నంబరు ప్రకారం నా ఫ్రీక్వెన్సీ దీని పరిధిలో ఉందా?

దీనికి తగ్గ ప్రోగ్రాం, పెట్టె, వైరు, కంప్యూటరు ఎవరి దగ్గర ఉన్నాయి? 'ఎక్కడో దొరుకుతాయి' అంటే లేవని అర్థం.

సెట్టుకు పాస్‌వర్డ్ పెట్టారా? పెట్టి ఉంటే అది అమ్మేవాడికి తెలుసా?

బ్యాటరీ, చార్జరు ఇప్పటికీ దొరుకుతున్నాయా? పాత నికెల్ కాడ్మియం బ్యాటరీలు చాలావరకు చచ్చిపోయే ఉంటాయి.

పొలం పని కోసం నాలుగు మాటలు చాలనుకునే సన్నకారు రైతుకు, ధృవీకరణ ఉన్న లైసెన్సు లేని చిన్న సెట్ల జత చాలు. పాత సెట్టు వ్యవహారం నేర్చుకోవాలన్న పట్టుదల, లైసెన్సు రెండూ ఉన్నవాళ్లకే.

ఈ లెక్క మిగతా యంత్రాలకూ వర్తిస్తుంది

పాత వైర్‌లెస్ సెట్టు కథలో ప్రతి రైతూ పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఇనుము చెడకపోయినా యంత్రం మూలన పడవచ్చు. లోపలి రాతను మార్చే తాళంచెవి పోతే అంతే సంగతులు.

అమెరికా రైతులు ట్రాక్టర్ల విషయంలో ఈ గొడవే పడుతున్నారు. ట్రాక్టరు తమదే అయినా, లోపాన్ని చూపించే సాఫ్ట్‌వేరు కంపెనీ డీలరు దగ్గరే ఉండిపోతోందని వాళ్ల ఫిర్యాదు. కొలరాడో రాష్ట్రం 2023లో రైతుల మరమ్మతు హక్కు కోసం చట్టం చేసింది. అది 2024 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇదే విషయమై జాన్ డీర్ కంపెనీ మీద కోర్టుకెక్కింది.

మన చేలల్లోకి కూడా మెమరీ ఉన్న యంత్రాలు వచ్చేశాయి. సెల్‌ఫోనుతో మోటారు ఆన్ చేసే స్టార్టర్లు, డ్రిప్పుకు టైమర్లు, మందు కొట్టే డ్రోన్లు అన్నీ ఈ కోవలోవే. వీటిని కొనేటప్పుడు ధర, గ్యారంటీ అడిగినట్టే ఇవీ అడగాలి. సెట్టింగులు మార్చడానికి పాస్‌వర్డ్ మనకు ఇస్తారా? డీలరు కొట్టు ఎత్తేస్తే ఎవరు బాగుచేస్తారు? యాప్ ఆగిపోతే చేత్తో నడిపే వీలుందా? ఇచ్చిన పాస్‌వర్డునూ, మోడల్ నంబరునూ ఒక కాగితం మీద రాసి బిల్లుతో పాటు పెట్టెలో దాచుకోవాలి. సెట్టింగులు సరిగ్గా కుదిరిన రోజే వాటిని నోటు పుస్తకంలో ఎక్కించుకుంటే, రేపు ఎవరైనా వేలు పెట్టి చెరిపేసినా మళ్లీ నిలబెట్టుకోవచ్చు.